రాయి మీద పేరు, రికార్డులో హక్కు

2025 మే 9న నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ జరిపిన కాల్పుల్లో మురళీ నాయక్ అమరుడయ్యాడు. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండా బిడ్డ. లంబాడా కుటుంబం. తల్లిదండ్రులు పొట్ట చేతపట్టుకుని ముంబై పోయి శ్రమ చేసి బతికినవాళ్లు. రెండు రోజుల తర్వాత సొంత తండాలో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఉప ముఖ్యమంత్రి వచ్చారు, మంత్రులు వచ్చారు, వేలాది జనం వచ్చారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 50 లక్షల రూపాయలు, 5 ఎకరాల భూమి, 300 గజాల ఇంటి స్థలం, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. టీవీలన్నీ ఆ రోజు తండా వైపే చూశాయి.

ఆర్నెల్ల తర్వాత, 2025 నవంబర్‌లో, అదే మురళీ నాయక్ తల్లి బొంబాయి హైకోర్టు మెట్లెక్కింది. ఆమె అడిగింది విగ్రహం కాదు. నా కొడుకు పక్కన అదే సరిహద్దులో, అదే తుపాకీతో, అదే శత్రువు ముందు నిలబడిన మామూలు సైనికుడు చనిపోతే అతని కుటుంబానికి జీవితాంతం పింఛను వస్తుంది, నా కొడుకు అగ్నివీర్ అయినందుకు మాకెందుకు రాదు? ఆమె పిటిషన్ సారాంశం ఇది.

అమరుల స్మారకాల గురించి మాట్లాడాలంటే ఈ ప్రశ్న దగ్గరే మొదలుపెట్టాలి. ఎందుకంటే స్మారకం అనేది రెండు చోట్ల కట్టాలి. ఒకటి కూడలిలో, రాయితో. రెండోది ప్రభుత్వ రికార్డులో, హక్కుగా. మొదటిదానికి రిబ్బన్ కత్తిరించడానికి పోటీ పడే పాలకులు రెండోదాని దగ్గరికి వచ్చేసరికి మొహం చాటేస్తారు. మన బిడ్డల విషయంలో ఇది కొత్త కాదు, రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది.

ధర్మపురికి ఏం సంబంధం?

కల్లి తండా ఎక్కడ, ధర్మపురి ఎక్కడ అనుకోవచ్చు. ధర్మపురి ఎస్సీ రిజర్వుడ్ అసెంబ్లీ నియోజకవర్గం. గత ప్రభుత్వంలో ఎస్సీ సంక్షేమ శాఖ చూసిన కొప్పుల ఈశ్వర్ ఇక్కడి నుంచే గెలిచారు. 2025 జూన్‌లో ఎస్సీ, ఎస్టీ సంక్షేమ శాఖ బాధ్యత తీసుకున్న అడ్లూరి లక్ష్మణ్ కుమార్ కూడా ఇక్కడి ఎమ్మెల్యేనే. పక్కనే కరీంనగర్ జిల్లా రుక్మాపూర్‌లో సాంఘిక సంక్షేమ గురుకుల సైనిక్ స్కూల్ ఉంది. మన పిల్లలను సైన్యానికి తయారు చేయడానికే ప్రభుత్వం దాన్ని పెట్టింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో భూమి లేని ఇంట్లో పుట్టిన కుర్రాడికి పదో, ఇంటరో అయ్యాక కనబడే దారులు కొన్నే. ఒకటి గల్ఫ్. రెండోది పోలీసు, ఆర్మీ భర్తీ. తెల్లవారకముందే బడి మైదానంలో చుట్లు కొట్టే పిల్లల్లో ఏ వాడల పిల్లలు ఎక్కువో ఊళ్లో ఎవరిని అడిగినా చెప్తారు.

రేపు వీళ్లలో ఒకరు పెట్టెలో తిరిగొస్తే ఊరు ఏం చేస్తుంది? విగ్రహం పెడదామంటుంది. పెట్టాల్సిందే. అయితే ఆ విగ్రహం కింద నిలబడి ఏం అడగాలన్నది మనం ఇప్పుడే తేల్చుకోవాలి.

చట్టం ఏం చెబుతోంది

మామూలు సైనికుడు శత్రువు కాల్పుల్లో, యుద్ధ చర్యలో మరణిస్తే అతని కుటుంబానికి ఉదారీకృత కుటుంబ పింఛను వర్తిస్తుంది. చివరి జీతం మొత్తం ఎంతో అంత నెలనెలా అందుతుంది. కరువు భత్యం పెరిగినప్పుడల్లా అదీ పెరుగుతుంది. ఇది ఏ మంత్రీ ప్రకటించాల్సిన పని లేదు. నిబంధనలో ఉంది కాబట్టి వస్తుంది.

2022 జూన్‌లో కేంద్రం తెచ్చిన అగ్నిపథ్ పథకం వేరు. నాలుగేళ్ల సర్వీసు, ఆ తర్వాత 25 శాతం మందికి మించి కొనసాగింపు లేదు. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. విధి నిర్వహణలో మరణిస్తే 48 లక్షల బీమా, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన సర్వీసు కాలానికి జీతం, సేవానిధి మొత్తం ఇస్తారు. 2024 జూలైలో పంజాబ్‌కు చెందిన ఒక అగ్నివీర్ మరణంపై పార్లమెంటులో గొడవ జరిగినప్పుడు, ఆ కుటుంబానికి అందేది మొత్తం కలిపి సుమారు 1.65 కోట్లని, అందులో 98.39 లక్షలు అప్పటికే ఇచ్చామని ఆర్మీ వివరణ ఇచ్చింది.

ఈ అంకె చూపించి, ఇంత ఇస్తుంటే ఇంకేం కావాలి అని అడిగేవాళ్లున్నారు. ఈ వాదనకు జవాబు చెప్పాలి. ఒక్కసారి ఇచ్చే మొత్తం, నెలనెలా వచ్చే హక్కు ఒకటి కావు. భూమి లేని, అప్పులున్న, బ్యాంకు ముఖం సరిగ్గా చూడని ఇంట్లోకి ఒకేసారి వచ్చిన డబ్బు ఎన్నాళ్లుంటుందో వాడకట్టులో అందరికీ తెలుసు. పింఛను అలా కాదు. ముసలితనంలో తల్లి చేతిలో ఉండే పాస్‌బుక్ అది. అన్నిటికన్నా ముఖ్యం, నీ బిడ్డ మా సైనికుడే అని రాజ్యం ప్రతినెలా ఒప్పుకోవడం. అగ్నివీర్ తల్లికి ఆ ఒప్పుకోలే లేదు. రక్షణ శాఖ పార్లమెంటరీ స్థాయీ సంఘం కూడా 2024 ఫిబ్రవరిలో, విధి నిర్వహణలో మరణించిన అగ్నివీర్ల కుటుంబాలకు మామూలు సైనికుల కుటుంబాలతో సమానంగా ప్రయోజనాలివ్వాలని సిఫారసు చేసింది. అంటే ఇది ఒక తల్లి ఒంటరి గోడు మాత్రమే కాదు. సభలో కూర్చున్నవాళ్లకూ తెలిసిన అన్యాయమే.

దయ వేరు, హక్కు వేరు

2020 జూన్ 15న గల్వాన్‌లో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబుతో సహా 20 మంది సైనికులు మరణించారు. తెలంగాణ ప్రభుత్వం ఆయన కుటుంబానికి 5 కోట్లు, హైదరాబాద్‌లో ఇంటి స్థలం, భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. మిగతా 19 మంది కుటుంబాలకు 10 లక్షల చొప్పున ప్రకటించింది. ఏడాది తిరిగేసరికి సూర్యాపేటలో విగ్రహం లేచింది. ఆయన త్యాగానికి అది తక్కువే. దాన్ని ఎవరూ తక్కువ చేసి మాట్లాడనక్కర్లేదు.

2022 జూన్ 17న సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో అగ్నిపథ్ వ్యతిరేక నిరసనలో జరిగిన కాల్పుల్లో వరంగల్ జిల్లా దబ్బీర్‌పేటకు చెందిన దామెర రాకేశ్ చనిపోయాడు. సైన్యంలో చేరాలని ఏళ్లుగా తయారైన పిల్లాడు. రాష్ట్ర ప్రభుత్వం 25 లక్షలు, ఇంట్లో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. మూడేళ్లకు మురళీ నాయక్ విషయంలో పక్క రాష్ట్రం 50 లక్షలు, 5 ఎకరాలు అంది.

5 కోట్లు, 10 లక్షలు, 25 లక్షలు, 50 లక్షలు. ఈ అంకెల మధ్య ఏ నియమం ఉంది? ఏ నియమమూ లేదు. ఆ రోజు ఎవరు ముఖ్యమంత్రి, ఎన్నికలు ఎంత దూరంలో ఉన్నాయి, కెమెరాలు ఎటు తిరిగాయి, వీటిని బట్టి అంకె మారుతుంది. ఎక్స్‌గ్రేషియా అన్న మాటకు అర్థమే దయతో ఇచ్చేది అని. దయ చూపినవాడికి దండం పెట్టాలి. హక్కు అయితే ఎవరికీ దండం పెట్టనక్కర్లేదు. అంబేడ్కర్ జీవితమంతా మనకు చెప్పింది ఈ తేడానే.

గల్ఫ్ పెట్టెల విషయంలోనూ మన ప్రాంతం ఇదే చూసింది. ఏళ్ల తరబడి పోరాడితే 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఉత్తర్వు ఇచ్చింది. అదీ 2023 డిసెంబర్ 7 నుంచి చనిపోయినవాళ్లకే. డిసెంబర్ 6న చనిపోయిన కోరుట్ల కూలీ భార్య ఏం పాపం చేసింది? దయకు తేదీ ఉంటుంది. ఆ తేదీకి అటు పక్క ఉన్న గుమ్మం దగ్గర అది ఆగిపోతుంది.

కోరేగావ్ స్థూపం చెప్పే పాఠం

సైనిక స్మారకం అనగానే దళిత ఉద్యమానికి గుర్తొచ్చేది భీమా కోరేగావ్. 1818 జనవరి 1న కెప్టెన్ స్టాంటన్ కింద ఉన్న సుమారు 800 మంది కంపెనీ సైన్యం పీష్వా రెండో బాజీరావు బలగాలను రోజంతా నిలువరించింది. అందులో బొంబాయి పదాతి దళంలో మహర్ సైనికులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఆ రోజు ఉన్న రెండు ఫిరంగులను నడిపింది మద్రాస్ ఆర్టిలరీ వాళ్లు. 1821 మార్చిలో కంపెనీ అక్కడ స్థూపానికి పునాది వేసింది. దాని మీద చెక్కిన 49 మంది మృతుల పేర్లలో 22 పేర్ల చివర ‘నాక్’ అని ఉంటుంది. ఆ రెండక్షరాలను బట్టే వాళ్లు మహర్లని మనకు తెలుస్తోంది. మెడలో ముంత, నడుముకు చీపురు కట్టుకుని నడవాలని చెప్పిన పీష్వా రాజ్యంలో, అంటరానివాడి పేరు రాతి మీద ఎక్కింది. ఊరి రికార్డు ఎక్కించుకోని పేరును పరాయి కంపెనీ రాయి ఎక్కించుకుంది.

ఇంతవరకూ మనందరికీ తెలిసిన కథే. తర్వాతి కథ తక్కువమందికి తెలుసు. అదే అసలు పాఠం. 1892లో, అంటే మహూ సైనిక స్థావరంలో సుబేదార్ రాంజీ ఇంట్లో అంబేడ్కర్ పుట్టిన మరుసటి ఏడాది, అదే బ్రిటిష్ సైన్యం మహర్ల భర్తీని ఆపేసింది. ‘యుద్ధ జాతులు’ అని కొన్ని కులాలకు పేరు పెట్టి, అందులో వీళ్లు లేరని తేల్చింది. కోరేగావ్‌లో రాయి నిలబడే ఉంది. దాని మీద పేర్లూ ఉన్నాయి. ఆ పేర్ల మనుమలకు మాత్రం గేటు మూసుకుపోయింది. స్థూపం ఎవరినీ కాపాడలేదు.

అప్పుడు వాళ్లేం చేశారు? విశ్రాంత సైనికుడు గోపాల్ బాబా వలంగ్‌కర్ 1894లో అర్జీ రాశారు. 1910లో శివరాం జానబా కాంబ్లే మళ్లీ అర్జీ పెట్టారు. మా తాతలు మీ సైన్యంలో ప్రాణాలిచ్చారు, మా పిల్లలను ఏ లెక్కన వద్దంటారు అన్నది ఆ అర్జీల బలం. మొదటి ప్రపంచ యుద్ధంలో అవసరం పడేసరికి 1917లో 111వ మహర్ దళాన్ని లేపారు. అవసరం తీరాక 1921లో రద్దు చేశారు. 1927 జనవరి 1న అంబేడ్కర్ కోరేగావ్ వెళ్లారు. 1941లో, ఆయన వైస్రాయ్ రక్షణ సలహా సంఘంలో ఉన్నప్పుడు, మహర్ రెజిమెంట్ ఏర్పడింది. దాని తొలి టోపీ బ్యాడ్జీ మీద కోరేగావ్ స్థూపం బొమ్మ ఉండేది.

1892 నుంచి 1941 వరకు దాదాపు 50 ఏళ్లు. ఈ 50 ఏళ్లలో రాయి తనంతట తాను చేసిందేమీ లేదు. రాయిని సాక్ష్యంగా పట్టుకుని మనుషులు అడిగారు. స్మారకాన్ని పూజించినవాళ్లకు కాదు, సాక్ష్యంగా వాడినవాళ్లకే ఫలితం దక్కింది.

కోరేగావ్ మీద మన లోపల కూడా వాదం ఉంది. కంపెనీ యుద్ధాన్ని దళిత విముక్తి యుద్ధంగా చెప్పుకోవడం సరికాదని ఆనంద్ తేల్తుంబ్డే 2018లో రాశారు. అలా విమర్శించిన మనిషినే ఎల్గార్ పరిషత్ కేసులో 2020 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి రోజే, జైల్లో పెట్టారు. మన వరవరరావూ అదే కేసులో జైలుకు పోయారు. రాజ్యం స్థూపానికి భయపడలేదు. దాని చుట్టూ లేచే ప్రశ్నకు భయపడింది. ఇక తేల్తుంబ్డే వాదన విషయానికొస్తే, కంపెనీ ఏ ఉద్దేశంతో కట్టిందన్నది ఒకటి, ఆ పేర్లతో మనం ఏం చేస్తామన్నది మరొకటి. కంపెనీ తన గెలుపును గుర్తుపెట్టుకోవడానికి కట్టింది. మనం అక్కడ చదవాల్సింది గెలుపును కాదు, పేర్లను.

రాయి ఎక్కని పేర్లు

పేరు ఎక్కినవాళ్ల సంగతి ఇది. అసలు ఎక్కనివాళ్ల సంగతేంటి?

18వ శతాబ్దంలో ఉత్తరాదిలో కంపెనీ సిపాయిలను ‘తిలంగాలు’ అనేవారు. తొలి సిపాయి దళాలు మన దక్షిణాది నుంచి, తెలుగు నేల నుంచి పోవడమే దానికి కారణం. ఒక ప్రాంతం పేరే సిపాయికి పేరైంది. ఆ తిలంగాల్లో ఎవరి పేరు మనకు తెలుసు?

మొదటి ప్రపంచ యుద్ధానికి భారతదేశం నుంచి 14 లక్షలకు పైగా మందిని తీసుకున్నారు. అందులో 5.6 లక్షల మంది పోరాడే సైనికులు కారు. సైన్యం భాషలో వాళ్లు ‘ఫాలోయర్లు’. నీళ్లు మోసేవాళ్లు, పాకీ పని చేసేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, గుర్రాలు చూసేవాళ్లు, మూటలు మోసేవాళ్లు. ఊళ్లో కులం ఏ పని ఇచ్చిందో యుద్ధభూమిలోనూ అదే పని. జీతం తక్కువ, హోదా తక్కువ. చనిపోతే రికార్డు కూడా తక్కువే. ఇరాక్‌లోని బస్రా స్మారకంలో బ్రిటిష్ సైనికుల పేర్లు, భారతీయ అధికారుల పేర్లు చెక్కారు. సాధారణ భారతీయ సైనికులను మాత్రం ఏ దళంలో ఎందరు అన్న అంకెలతో సరిపెట్టారు.

ఇది మన ఆరోపణ కాదు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ 2021 ఏప్రిల్‌లో వెలువరించిన నివేదికే ఒప్పుకుంది. ఆసియా, ఆఫ్రికాలకు చెందిన 45 వేల నుంచి 54 వేల మంది మృతులను అసమానంగా స్మరించారని, కనీసం 1,16,000 మందిని, బహుశా 3,50,000 మంది వరకు, పేరుతో స్మరించలేదని, కొందరిని అసలే స్మరించలేదని చెప్పింది. బ్రిటన్ రక్షణ మంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. వందేళ్లు పట్టింది. అయినా రికార్డు తిరగేసి అడిగితే సామ్రాజ్యం కూడా తలవంచుతుందని తేలింది.

స్వతంత్ర భారతం సంగతి చూద్దాం. 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం ప్రారంభమైంది. 25,942 మంది పేర్లను గ్రానైట్ పలకల మీద చెక్కారు. అధికారి, సిపాయి తేడా లేకుండా అందరికీ పేరు దక్కింది. బస్రాతో పోలిస్తే ఇది నిజంగా ముందడుగు. కానీ అది 1947 తర్వాతి కథ. 1943లో లేచి, కోహిమాలో పోరాడి, 1946లో రద్దయిన చమార్ రెజిమెంట్ వారసులు తమ దళాన్ని పునరుద్ధరించమని ఇప్పటికీ అడుగుతున్నారు. రాజ్‌పుత్, జాట్ పేర్లతో రెజిమెంట్లు నడుస్తూనే ఉన్నాయి. కుల రెజిమెంట్లు ఉండాలని మన వాదన కాదు. ఉంటే అందరికీ ఉండాలి, లేకుంటే ఎవరికీ ఉండొద్దు అన్నదే మన వాదన.

మన నేలకు స్థూపం కొత్త కాదు

ఉత్తర తెలంగాణకు స్థూపం అంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పుల్లో చనిపోయిన గోండుల కోసం జనం స్థూపం కట్టుకున్నారు. 1986లో దాన్ని పేల్చేశారు. 1987లో మళ్లీ కట్టారు. వర్ధంతి రోజు అక్కడికి పోనివ్వకుండా ఏళ్ల తరబడి ఆంక్షలు పెట్టారు. 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రే అక్కడికి పోయి స్మృతి వనానికి శంకుస్థాపన చేశారు. ఒకప్పుడు దండం పెట్టినా నేరమైన చోటికి ప్రభుత్వమే పూలదండ తెచ్చింది. జనం మరిచిపోకుండా పట్టుకున్నారు కాబట్టే ఆ రాయి నిలిచింది.

సైనిక అమరుల విషయంలో మనం ఈ పట్టు చూపలేదు. ‘దేశం కోసం’ అన్న మాట వినబడగానే ప్రశ్న అడగడం తప్పేమో అనుకున్నాం. దేశం కోసం చనిపోయిన బిడ్డ తల్లి కోర్టుకు పోతే తప్పు కానిది, మనం అడిగితే తప్పవుతుందా?

విగ్రహం కింద నిలబడి అడగాల్సినవి

ఒకటి, విధి నిర్వహణలో మరణించిన అగ్నివీర్ కుటుంబానికి మామూలు సైనికుడి కుటుంబంతో సమానంగా పింఛను, ఇతర దీర్ఘకాలిక సౌకర్యాలు ఇవ్వాలి. స్థాయీ సంఘం సిఫారసు చేతిలో ఉంది. మన ఎంపీలు పార్లమెంటులో దీన్ని లేవనెత్తారా లేదా అని విద్యార్థి సంఘాలు లెక్క అడగాలి.

రెండు, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే సాయానికి ఒకే నియమం ఉండాలి. ర్యాంకును బట్టి, కెమెరాను బట్టి మారొద్దు. భూమి, ఇల్లు, ఉద్యోగం ఎంత కాలంలో ఇస్తారో ఉత్తర్వులో గడువు రాయాలి. ప్రకటించినవి ఎన్ని అందాయో సమాచార హక్కు దరఖాస్తుతో అడగొచ్చు. ఈ పని ధర్మపురి నుంచే మొదలుపెట్టొచ్చు. సంక్షేమ మంత్రి ఇక్కడి ఎమ్మెల్యేనే కదా.

మూడు, ప్రతి మండలంలో సైన్యంలో, పారామిలిటరీలో చనిపోయినవాళ్ల పేర్లు, ఊర్లు, మొదటి ప్రపంచ యుద్ధం నుంచి దొరికినంత వరకు సేకరించాలి. నీళ్లు మోసినవాళ్లవి, వంట చేసినవాళ్లవి కూడా. ప్రభుత్వం చేయకపోతే మన విద్యార్థులు చేయొచ్చు. ముసలివాళ్లు బతికుండగానే చేయాలి.

నాలుగు, రుక్మాపూర్ లాంటి స్కూళ్లలో చేరే పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు అగ్నివీర్ ఒప్పందంలో ఏముందో, ఏం లేదో తెలుగులో స్పష్టంగా చెప్పాలి. తొలి బ్యాచ్ అగ్నివీర్ల నాలుగేళ్లు 2026 చివరికి పూర్తవుతాయి. ఆ తర్వాత ఇంటికి వచ్చే 75 శాతం మంది గురించి అప్పుడు ఆశ్చర్యపోయే బదులు ఇప్పుడే మాట్లాడాలి.

2027లో గోదావరి పుష్కరాలు. ధర్మపురి రేవులో లక్షల మంది తమ పెద్దలను పేరు పెట్టి తలుచుకుంటారు. చనిపోయినవాళ్లను పేరుతో పిలవాలన్న ఇంగితం ఈ నేలకు ఉంది. ఆ పేరును పింఛను రికార్డులోనూ రాయించే పని మాత్రం ఇంకా మిగిలే ఉంది. కల్లి తండా తల్లి అడిగింది అదే. ఆమె కేసులో తీర్పు ఎలా వచ్చినా, ఆ ప్రశ్నను ఆమె ఒక్కదాని భుజాల మీద వదిలేయొద్దు.